తల దించిన మంచం

మా వీధిలో కొత్తగా కాపురానికి వచ్చినవాళ్ళకి ముందుగా మా అత్త గురించి చెబుతారు. ఆవిడ కొట్టు ముందు స్కూటరు ఆపవద్దంటారు. ఆవిడతో వాదనకి దిగవద్దంటారు. ముఖ్యంగా ఆవిడ వింటుండగా రాకెట్ల గురించి తెలిసీ తెలియని మాటలు మాట్లాడవద్దంటారు. ఒకప్పుడు ఎవరిదో టీవీని కర్రతో పగలగొట్టిందని కూడా గొంతు తగ్గించి చెబుతారు. టీవీ సంగతి నిజమే. అప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఎందుకు పగలగొట్టిందో మాత్రం ఎవరూ చెప్పరు. చెప్పాలంటే ఆవిడ ఎవరో, ఆవిడకి ఏం చేశారో మొదటినుంచీ చెప్పుకు రావాలి. ఆవిడ మా నాన్నకి అక్క, నాకు మేనత్త.

మా తాతకి సైకిళ్ళు బాగుచేసే కొట్టుండేది. అందులో పగలంతా రేడియో మోగుతూనే ఉండేది. ఒక మనిషి భూమి చుట్టూ తిరిగి వచ్చాడన్న వార్త అత్త ఆ రేడియోలోనే విన్నది. అప్పుడు ఆవిడ బడిపిల్ల. వీధి వీధంతా ఆశ్చర్యపోయింది, ఆవిడా ఆశ్చర్యపోయింది, అంతే. రెండేళ్ళకి ఇంకో వార్త వచ్చింది. ఈసారి వెళ్ళింది ఒక యువతి. ఒంటరిగా వెళ్ళి, దాదాపు మూడు రోజులు తిరిగి, క్షేమంగా దిగింది. అంతకుముందు బట్టల మిల్లులో పనిచేసేదట. ఆ చివరి మాట అత్త చెవిలో పడి అక్కడే ఉండిపోయింది. మిల్లులో పనిచేసినావిడ వెళ్ళగలిగితే సైకిల్ కొట్టువాడి కూతురు ఎందుకు వెళ్ళకూడదు? ఆ సాయంత్రమే ట్యూబులు కత్తిరించే కత్తెరతో జడ కోసేసుకుంది. అంత జుట్టుంటే తలమీద టోపీ పట్టదని చెప్పిందట. నాయనమ్మ వీపు విమానం మోత మోగించింది. తాత మాత్రం నవ్వి, ముందు లెక్కల పరీక్ష గట్టెక్కితే తర్వాత ఆకాశం సంగతి చూద్దామన్నాడు.

లెక్కలు గట్టెక్కలేదు. తాత పోయాక కొట్టు కూడా పోయింది. మా నాన్న అప్పటికి చిన్నవాడు. అత్త చదువు మానేసి సిటీ బస్సులో కండక్టరుగా చేరింది. ఆ డిపోలో ఆడ కండక్టర్లు అప్పటికి ఒకరిద్దరు కూడా ఉండేవారు కాదు. ఖాకీ కోటు మగవాళ్ళ కొలతలకి కుట్టినదే ఇచ్చారు. చేతులు మడిచి తొడుక్కునేది. ఆవిడ గొంతు ఎలాంటిదంటే, కిక్కిరిసిన బస్సులో వెనక మెట్టుమీద నిలబడి "హోల్డాన్" అంటే ముందున్న డ్రైవరు కాలు తనంత తానే బ్రేకుమీద పడేది. అందుకే ప్రయాణికులు ఆవిడకి హోల్డానమ్మ అని పేరు పెట్టారు. పొద్దున ఎక్కినదగ్గరనుంచి దిగేవరకూ కూర్చునేది కాదు. కండక్టరు సీటులో ఎప్పుడూ ఏ ముసలమ్మో, చంటిపిల్లతో ఏ తల్లో కూర్చుని ఉండేది.

మనుషులు చంద్రుడిమీద దిగిన రోజు కూడా ఆవిడ డ్యూటీలోనే ఉంది. చౌరస్తా దగ్గర రేడియోలు బాగుచేసే కుర్రాడొకడు కొట్టులో ఉన్న పెద్ద రేడియోని మెట్లమీదికి తెచ్చి, గొంతు పెంచి పెట్టాడు. రోడ్డంతా జనం. అత్త బస్సు ఆపించేసింది. ప్రయాణికులందరూ దిగి విన్నారు, డ్రైవరు ఇంజిను కూడా ఆపేశాడు. వెనక బస్సులు హారన్లు కొట్టి కొట్టి, తర్వాత అవీ ఖాళీ అయ్యాయి. బస్సు ఎందుకు ఆపావని డిపోలో సంజాయిషీ అడిగితే, చంద్రుడిమీద వాళ్ళు దిగారు, ఇక్కడ మావాళ్ళు దిగారు, ఇందులో తప్పేముందని అడిగింది. ఆ రేడియో కుర్రాడే మా మావయ్య. నోరు మెదపని మనిషి. ఇద్దరికీ ఎలా పడిందని అడిగితే మా నాన్న, ఇంట్లో ఒక స్పీకరుంటే చాలదా అనేవాడు.

ఇదంతా నేను విన్నది. ఇక చెప్పబోయేది చూసింది.

నాకు పదకొండేళ్ళప్పుడు, మన దేశం కూడా మనుషులను అంతరిక్షంలోకి పంపబోతోందని ప్రకటించారు. పంపడమే కాక, పైన తిరిగే కేంద్రంలో నెలల తరబడి ఉంచుతారట. ఇద్దరు మగవాళ్ళు, ఒక ఆడమనిషి. ఊరి చివర గుట్టమీద అంతరిక్ష వైద్యానికి ఒక పెద్ద భవనం కట్టారు. ఆరోగ్యవంతులైన స్త్రీలు పరిశోధనకి కావాలంటూ అక్కడినుంచి వచ్చిన పోస్టరు అత్త బస్సులోనే అంటించారు. ఆవిడ రోజూ దానికి ఆనుకుని టిక్కెట్లు కొట్టేది. ఒక రోజు ఇంటికి వచ్చి, తాను పేరిచ్చానని చెప్పింది.

ఆ పరిశోధన ఏమిటో విని మా ఇంట్లో అందరూ నోరెళ్ళబెట్టారు. పడుకోవాలి. మూడు నెలల పైచిలుకు, లేవకుండా, కూర్చోకుండా, మంచంమీదే ఉండాలి. ఆ మంచం కూడా తలవైపు కొద్దిగా కిందికి దించి ఉంటుంది. పైన బరువు తెలియదు కాబట్టి అక్కడ ఉండేవాళ్ళకి రక్తం తలకెక్కుతుంది, కాళ్ళకి పని లేక ఎముకలు పలచబడతాయి. భూమిమీద తల దించి పడుకోబెడితే ఒంటికి అచ్చం అలాగే జరుగుతుందట. మగవాళ్ళమీద ఆ పరీక్ష ముందే చేసేశారు. ఆడవాళ్ళ ఒళ్ళు ఎలా తట్టుకుంటుందో చూడాలి.

"నిలబడి చేసే ఉద్యోగం మానేసి పడుకునే ఉద్యోగానికి వెళ్తావా వదినా? జనం ఏమనుకుంటారు?" అన్నది మా అమ్మ.

"అనుకోనీ అమ్మాయ్. ఆ పైకి వెళ్ళే పిల్ల ఎవరో, ఎవరి కూతురో నాకు తెలీదు. దాని ఎముకలు ఏమవుతాయో ముందు ఎవరో ఒకరు చూడాలి కదా. నేను పైకి ఎలాగూ వెళ్ళలేను. ఈ పని మాత్రం చెయ్యగలను," అన్నది అత్త.

మావయ్య ఆవిడ వెళ్ళే ముందు చిన్న ట్రాన్సిస్టరు ఒకటి తయారుచేసి ఇచ్చాడు. పడుకుని తిప్పడానికి వీలుగా మీటలన్నీ ఒకవైపే పెట్టాడు.

అందరూ పది మంది ఆడవాళ్ళు. అత్త పక్క మంచంమీద ఒక టీచరమ్మ, అవతల లాండ్రీలో ఇస్త్రీ చేసే ఒకావిడ. మొదటి రోజు పెద్ద డాక్టరు వచ్చి మంచాల మధ్య నడుస్తూ మాట్లాడాడట. తెల్లటి కోటు, మెత్తటి మాట. మీరు పడుకున్న ప్రతిరోజూ పైకి వెళ్ళే అమ్మాయి ప్రాణానికి ఒక రోజు కలుపుతుందని అన్నాడట. మీరు లేచాక, ఎముకలు మళ్ళీ మునుపటిలా అయ్యేదాకా మీ బాధ్యత మాది అని కూడా అన్నాడు. ఆ మాట పది మందీ విన్నారు. గోడలు విన్నాయి.

ఆదివారాలు మేము చూడడానికి వెళ్ళేవాళ్ళం. అద్దం ఇవతల నిలబడి ఫోనులో మాట్లాడాలి. మొదటిసారి చూసి నేను అత్తని గుర్తుపట్టలేదు. రక్తమంతా తలకి చేరి ముఖం ఉబ్బింది, కళ్ళు చిన్నవైపోయాయి. ముక్కు ఎప్పుడూ పట్టేసి ఉండేది, జలుబు చేసినట్టు మాట్లాడేది. నడుము నొప్పికి మొదటి వారమంతా ఏడ్చిందని నర్సు మావయ్యతో చెప్పింది. తిండి తూచి పెట్టేవారు, ఒక్క మెతుకు వదలడానికి వీల్లేదు. నీళ్ళు పోసుకోవడం చక్రాల బల్లమీద పడుకునే. మిగతా అవసరాలన్నీ కూడా పడుకునే, మరొకరి చేతిలో. ప్రతి బొట్టూ సీసాల్లో పట్టి పరీక్షకి తీసుకెళ్ళేవారు. తల ఎత్తడానికి లేదు. ఎత్తితే ఆ రోజు లెక్కలోకి రాదట.

"ఇంతకాలం ఊరందరినీ నిలబెట్టి తీసుకెళ్ళాను. ఇప్పుడు నన్ను పడుకోబెట్టి తీసుకెళ్తున్నారు," అని ఫోనులో నవ్వేది. విసుగొచ్చినప్పుడు తన రూటులో స్టాపుల పేర్లన్నీ వరసగా కేక వేసేదట. టీచరమ్మ, దిగేవాళ్ళు దిగాలి, ఎక్కేవాళ్ళు ఎక్కాలి అంటూ అందుకునేది. వార్డంతా నవ్వులు. నవ్వితే గుండె పరికరంమీద గీతలు చెదిరిపోతున్నాయని డాక్టర్లు కసిరేవారు.

ఇద్దరు మధ్యలో మానేశారు. వాళ్ళని ఎవరూ తప్పుపట్టలేదు, ముఖ్యంగా అత్త. ఇక చాలు వచ్చెయ్యి అక్కా అని మా నాన్న కూడా అన్నాడు. వచ్చేస్తే మళ్ళీ ఇంకెవరో మొదటినుంచీ పడుకోవాలని చెప్పి ఫోను పెట్టేసింది.

పరీక్ష ముగిసి మంచాన్ని నెమ్మదిగా నిలువుగా లేపిన రోజున అత్తకి కళ్ళు తిరిగి స్పృహ తప్పింది. మర్నాడు కాళ్ళు కింద పెడితే అవి తనవి కానట్టున్నాయట. పిక్కలు సగమైపోయాయి. నడిపించడానికి, కండ పట్టించడానికి వ్యాయామం నేర్పే ఒక అమ్మాయిని పెట్టారు. రెండువైపులా కమ్మీలున్న గది, తొక్కడానికి సైకిలు, బరువులు. మొదటి వారంలోనే అత్త కమ్మీలు వదిలి రెండడుగులు వేసింది. పక్షం రోజులు గడిచేసరికి ఆ గదికి తాళం వేశారు. కార్యక్రమంలో మార్పు వచ్చింది, ఇళ్ళకి వెళ్ళి రోజూ నడవండి, పాలు తాగండి అని చెప్పి పంపేశారు. ఏం మార్పు వచ్చిందో ఎవరూ చెప్పలేదు. పెద్ద డాక్టరు కనిపించనేలేదు. వ్యాయామం అమ్మాయిని వేరే విభాగానికి మార్చారు.

అత్త డ్యూటీలో చేరింది. అమ్మ వద్దంటూనే ఉంది. ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుతుందని అత్త వినలేదు. ఒక మధ్యాహ్నం రోడ్డుకి అడ్డంగా కుక్క వస్తే డ్రైవరు బ్రేకు వేశాడు. పెద్ద కుదుపేం కాదు. నిలబడ్డ ప్రయాణికులందరూ ఊగి సర్దుకున్నారు. ఇన్నేళ్ళుగా ఆ బస్సులో ఎన్ని బ్రేకులకో తొణకని మా అత్త మెట్టుమీద పడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసిన డాక్టరు ఎక్స్‌రే చూసి, ఈవిడకి డెబ్బై ఏళ్ళా అని మావయ్యని అడిగాడు. ముప్పై అయిదు.

మావయ్య గుట్టమీది భవనానికి వెళ్ళాడు. మాట్లాడడం రాని మనిషి, మాట్లాడడానికి వెళ్ళాడు. విరిగింది బస్సులో కదా, బస్సువాళ్ళని అడగండి అని గేటు దగ్గరే చెప్పి పంపేశారు. బస్సువాళ్ళేమో ఒంట్లో బలం లేకుండా డ్యూటీకి ఎందుకు వచ్చావన్నారు. చివరికి డిపోలో, ప్రయాణికులు మరిచిపోయిన సామాను పెట్టే గదిలో కూర్చోబెట్టారు. కిటికీ కూడా లేని గది. గొడుగులు, టిఫిను డబ్బాలు, ఒంటి చెప్పులు. కర్ర లేకుండా అత్త మళ్ళీ నడవలేదు.

ఇంత జరిగినా అప్పటికి ఆవిడకి కోపం లేదు. అది నాకు బాగా గుర్తు. దిగులుండేది. నేను కుంటితే కుంటాను, ఆ పిల్ల క్షేమంగా వెళ్ళొస్తుంది అనేది. పేపర్లో ఆ అమ్మాయి ఎవరో ఎప్పుడు వేస్తారా అని చూసేది.

వేశారు. ముగ్గురి ఫొటోలు. ముగ్గురూ మగవాళ్ళు.

ఆ సాయంత్రం మావయ్య కొట్టులో ఒక టీవీ బాగుచేసి, ఆడుతోందో లేదో చూడడానికి పెట్టి ఉంచాడు. అత్త బల్ల పక్కన కూర్చుని ఉంది. నేను అక్కడే హోంవర్కు చేసుకుంటున్నాను. తెరమీద పెద్ద డాక్టరు కనిపించాడు. అదే మెత్తటి మాట. స్త్రీని ఎందుకు పంపడం లేదని విలేకరి అడిగాడు.

"మేము మనస్ఫూర్తిగా ప్రయత్నించాం. పది మంది స్త్రీలమీద పరీక్ష చేశాం. వాళ్ళ ఎముకలు తట్టుకోలేవని తేలిపోయింది. అందులో ఒకావిడకి ఇంటికి వెళ్ళిన కొద్దిరోజులకే తుంటి విరిగిందని విన్నాను. ఏం చేస్తాం, సైన్సుకి మొహమాటం ఉండదు," అన్నాడు, బాధపడుతున్నట్టు తల ఊపుతూ.

అత్త లేచింది. కర్ర చేతిలోకి తీసుకుంది. నడవడానికి అనుకున్నాను. రెండు చేతులా ఎత్తి ఒక్క దెబ్బ కొట్టింది. గాజు నా పుస్తకంమీద పడింది. మావయ్య పరుగెత్తుకొచ్చి ముందు నన్ను చూశాడు, తర్వాత అత్తని చూశాడు.

"నా కాలు విరగ్గొట్టి, ఆ విరిగిన కాలునే చూపించి ఆ పిల్లని ఆపేశాడు," అన్నది.

ఆ టీవీ గలావిడకి మావయ్య ఇంకోటి ఇచ్చుకున్నాడు. అత్తని పల్లెత్తు మాట అనలేదు.

కొన్నాళ్ళకి వ్యాయామం అమ్మాయి మా వీధి వెతుక్కుంటూ వచ్చింది. తుంటి సంగతి టీవీలో విని నిద్ర పట్టలేదని చెప్పింది. కొట్టులో స్టూలు అంచున కూర్చుని, ఎవరైనా వింటున్నారేమోనని వీధివైపు చూస్తూ మాట్లాడింది. మగవాళ్ళమీద చేసిన పరీక్షలోనూ ఎముకలు సరిగ్గా అంతే పలచబడ్డాయట. తేడా ఏమీ లేదు. వాళ్ళకి మాత్రం అదే గదిలో, అవే కమ్మీల మధ్య ఆర్నెల్లు వ్యాయామం చేయించారు. మందులిచ్చారు. అందరూ కోలుకున్నారు. స్త్రీని పంపవద్దని పైవాళ్ళు మంచాలు ఖాళీ కాకముందే నిర్ణయించుకున్నారు. ఇక ఆడవాళ్ళ ఎముకలతో పనేముందని గదికి తాళం వేశారు.

"ఇది బయట చెప్తావా?" అని అత్త అడిగింది.

"నా ఉద్యోగం పోతుందండీ," అన్నది ఆ అమ్మాయి.

అత్త ఆ పిల్లకి టీ ఇచ్చి పంపింది. తర్వాత చాలాసేపు ఆ గ్లాసు కడుగుతూనే ఉంది. ఆ పిల్లమీద కూడా ఒళ్ళు మండింది ఆవిడకి. చెప్పినందుకు మెచ్చుకోవాలో, మింగినందుకు తిట్టాలో తెలియని కోపం. అది ఇంకా కష్టం.

ముగ్గురు మగవాళ్ళూ వెళ్ళారు, వచ్చారు. ఊళ్ళో పెద్ద హాల్లో సన్మానం చేశారు. టిక్కెట్టు లేదు, ఎవరైనా రావచ్చు. అత్త తన పాత ఖాకీ కోటు వేసుకుని బయలుదేరింది. నాన్న వెనకాల నన్ను కూడా తీసుకుని వెళ్ళాడు, ఏం గొడవ చేస్తుందోనని. ముందు వరసలో కూర్చోనివ్వలేదు. మధ్యలో కూర్చున్నాం. పెద్ద డాక్టరు మాట్లాడి, ఎవరైనా ప్రశ్నలు అడగవచ్చన్నాడు. పిల్లలు ఏవో అడిగారు. పైన ఎలా నిద్రపోతారు, చెమట ఎటు పోతుంది. అత్త కర్ర ఆనించి లేచింది. వాలంటీరు మైకు తెచ్చి ఇచ్చాడు.

తనెవరో చెప్పింది. వార్డు, మంచం, పది మంది. అక్కడిదాకా హాలు ముచ్చటగా విన్నది, ఒకరిద్దరు చప్పట్లు కూడా కొట్టారు. "మగవాళ్ళ ఎముకలూ అంతే అరిగాయి కదా డాక్టరుగారూ. వాళ్ళకి ఆర్నెల్లు, మాకు పక్షం రోజులు ఎందుకు?" అనేసరికి మైకు చచ్చిపోయింది. ఎవరు ఆపారో నేను చూడలేదు. ఆపినవాడికి మా అత్త సంగతి తెలియదు. మైకుని పక్క కుర్చీమీద పెట్టి, కిక్కిరిసిన బస్సులో వెనక మెట్టునుంచి అరిచే గొంతు ఎత్తింది. హాలు చివరి గోడ దాకా వినబడింది.

"మాకు మాటిచ్చి తాళం వేశారు. నేను పడ్డది మీరు పడెయ్యబట్టి. ఆడవాళ్ళ ఎముకలని చెప్పకండి, మీ మాట విరిగిందని చెప్పండి."

పెద్ద డాక్టరు నీళ్ళు తాగాడు. పాపం ఆవిడ మానసికంగా చాలా బాధపడుతున్నట్టుంది, సాయం చేయండి అని వేదికమీదివాళ్ళతో అన్నాడు. సాయం చేయడానికి ఇద్దరు కాపలావాళ్ళు వచ్చారు. ఒకడు కర్ర లాక్కున్నాడు. కర్ర లేకపోతే ఆవిడ నిలబడలేదు కాబట్టి చంకల కింద చేతులు వేసి మోసుకెళ్ళారు. మా నాన్న అడ్డం వెళ్ళి దెబ్బ తిన్నాడు. ఆ ముగ్గురు వీరులూ వేదికమీద చూస్తూ కూర్చున్నారు. వాళ్ళలో చిన్నవాడు సగం లేచాడు. పక్కాయన చేయి పట్టుకుంటే మళ్ళీ కూర్చున్నాడు. ఆ సగం లేవడం నాకు ఇవాళ్టికీ మింగుడు పడదు. మొత్తం లేచి ఉంటే ఏమయ్యేది? ఆకాశందాకా వెళ్ళొచ్చినవాడికి ఆ కుర్చీలోంచి లేవడానికి భయమా?

మర్నాడు పేపర్లో, సభలో ఒక మహిళ గందరగోళం సృష్టించిందని చివర్లో రెండు ముక్కలు వేశారు.

ఆ తర్వాత సంవత్సరాలన్నీ అత్త ఆ పనిమీదే ఉంది. పరీక్షలో ఉన్న ఆడవాళ్ళ ఇళ్ళకి కర్రతో బస్సులెక్కి వెళ్ళింది. కొందరు తలుపు వేసేశారు. పరువు పోతుందని ఒకావిడ భర్త గుమ్మంలోంచే పంపేశాడు. టీచరమ్మ కలిసొచ్చింది. ఇద్దరూ కోర్టుకి వెళ్ళారు. ఇష్టపూర్వకంగా పడుకున్నామని సంతకాలు పెట్టారు కదా, ఇంకేముందన్నారు. అవును, ఇష్టపడే పడుకున్నాం, లేవనివ్వకపోవడానికి ఇష్టపడ్డామా అని టీచరమ్మ అడిగిందట. జడ్జి భోజనానికి లేచాడు. కొన్నేళ్ళకి టీచరమ్మ నల్లబల్ల తుడుస్తూ వంగి, వెన్నుపూస నలిగి మంచాన పడింది. మళ్ళీ లేవలేదు. ఆవిడ పోయిన రోజు అత్త ఏడవలేదు. ఇంటికి వచ్చి పెరట్లో బట్టలు ఉతికే రాయిమీద తడిగుడ్డని బాదుతూనే ఉంది. నేను చేయి పట్టుకుని ఆపాల్సి వచ్చింది.

పెద్ద డాక్టరు పేరు ప్రఖ్యాతులతో రిటైరయ్యాడు, పోయాడు. గుట్టమీద ఆయన విగ్రహం పెట్టారు.

ఇరవై ఏళ్ళు దాటాక, చివరికి, మన దేశంనుంచి ఒక స్త్రీ వెళ్ళింది. నెలల తరబడి పైన ఉంది. ఆ ప్రయోగాన్ని అత్త టీవీలో కన్నార్పకుండా చూసింది. రాకెట్టు లేస్తున్నంతసేపూ మావయ్య చేయి ఎంత గట్టిగా పట్టుకుందంటే, ఆయన వేళ్ళు తర్వాత విదిలించుకోవాల్సి వచ్చింది. ఆ పిల్ల తిరిగివచ్చి మొదటి సభలో మాట్లాడింది. స్త్రీల అంతరిక్ష యాత్రకి దారి చూపిన మహనీయుడంటూ పెద్ద డాక్టరుకి నివాళి అర్పించింది.

ఈసారి అత్త టీవీని కొట్టలేదు. కట్టేసింది.

అయితే వ్యాయామం అమ్మాయి ఇప్పుడు అమ్మాయి కాదు. జుట్టు నెరిసి, అదే భవనంలో పెద్ద హోదాలో ఉంది. పోగొట్టుకోవడానికి భయపడే రోజులు దాటిపోయాయి కాబోలు, ఆ వ్యోమగామికి అన్నీ చెప్పింది. వారం తిరగకుండా మా వీధిలోకి ఒక కారు వచ్చింది.

పిల్లలు గుమిగూడారు. వ్యోమగామి పొట్టిగా ఉంది, టీవీలో కంటే చిన్నపిల్లలా ఉంది. కొట్టు మెట్లు ఎక్కేటప్పుడు గోడ పట్టుకుంది. అత్త కౌంటరు వెనకనుంచి లేవలేదు.

"కూర్చో. నీ కాళ్ళకి ఇంకా బలం రాలేదు, నడకలో తెలుస్తోంది," అన్నది.

ఆ అమ్మాయి కూర్చుంది. అత్త ఆవిడని పైకీ కిందికీ చూసింది. కిందికి దిగాక కళ్ళు తిరిగాయా అని అడిగింది. తిరిగాయని, ఇద్దరు పట్టుకున్నారని చెప్పింది. వ్యాయామం ఎన్నాళ్ళు చేయిస్తారని అడిగింది. ఏడాది అని చెప్పింది. ఎముకల పరీక్ష? జీవితాంతం, ఏటా. అత్త ముఖంలో ఒక్క క్షణం ఏదో మెత్తబడింది. వెంటనే బిగుసుకుంది.

"మంచిది. మరి ఆయన పేరెందుకు చెప్పావు?"

"మాకు అలాగే నేర్పారండీ. మీ సంగతి నాకు తెలీదు."

"నువ్వు వెళ్ళేముందు ఎవరిమీద పరీక్ష చేశారో అడిగావా?"

"లేదండీ."

"మరి అడగలేదని చెప్పు. తెలీదనకు."

ఆ అమ్మాయి తల దించుకుని, నన్ను క్షమించండి అన్నది. మామూలుగా అయితే ఇలాంటి చోట పెద్దవాళ్ళు కరిగిపోతారు. మా అత్త కరగలేదు.

"నా దగ్గర కాదు. టీచరమ్మ లేదు, ఇంకొకావిడా లేదు. ఉన్నవాళ్ళు ఎముకలు ఎప్పుడు విరుగుతాయోనని మెట్లు దిగడానికి భయపడి బతుకుతున్నారు. నీకు చేసే పరీక్షలు, మందులు వాళ్ళకీ ఇవ్వాలి. మైకు నీ చేతిలో ఉంది, నీది ఎవరూ ఆపరు. అక్కడ చెప్పు."

చెప్పింది. ఆ విషయంలో ఆ పిల్లని తప్పుపట్టలేను. తర్వాతి సభలోనే, విగ్రహం పెట్టిన ఆ భవనంలోనే నిలబడి, పది మంది ఆడవాళ్ళకి ఏం జరిగిందో చెప్పింది. భవనంవాళ్ళు ముందు విచారం వ్యక్తం చేశారు. తర్వాత ఆ పది మందికి సన్మానం చేస్తామన్నారు. సన్మానం వద్దు, డాక్టరుని పెట్టండి అని అత్త కబురు పంపింది. చాలా సాగదీసి, చివరికి ఒప్పుకున్నారు. బతికి ఉన్నవాళ్ళు ఫలానా రోజుల్లో రావాలన్నారు.

అందరూ దొరికారు, లాండ్రీ ఆవిడ తప్ప. ఇల్లు మారి చాలా ఏళ్ళయింది. అత్త నన్ను వెంటబెట్టుకుని పాత లాండ్రీకి వెళ్ళింది, అక్కడినుంచి ఆవిడ కొడుకు పనిచేసిన గోదాముకి, అక్కడినుంచి ఊరి అవతలి కాలనీకి. నాలుగో అంతస్తులో దొరికింది, లిఫ్టు లేదు. మెట్లు దిగితే పడిపోతుందని కోడలు ఆవిడని బయటికే పంపడం లేదట. అత్తని చూసి కళ్ళు చికిలించి, "హోల్డానమ్మవా?" అన్నది.

ఆవిడని కుర్చీలో కూర్చోబెట్టి నేనూ, ఆవిడ మనవడూ, టాక్సీ డ్రైవరూ కలిసి దించాం. అత్త ముందు దిగుతూ ఒక్కో మలుపు దగ్గర మమ్మల్ని గదమాయిస్తూనే ఉంది. గుట్టమీదికి చేరేసరికి సాయంత్రమైంది. వేళ అయిపోయింది, డాక్టరు వెళ్ళిపోతున్నారు, రేపు రండి అన్నాడు గేటు దగ్గరవాడు. ఆవిడ రేపు ఆ మెట్లు మళ్ళీ దిగలేదని నేను బతిమాలబోయాను. అత్త నన్ను పక్కకి జరిపి, గేటు కమ్మీల మధ్యనుంచి కర్ర దూర్చి, అవతల కారు ఎక్కబోతున్న డాక్టరుని పిలిచింది. చెట్లమీద పిట్టలు లేచాయి.

డాక్టరు తాళాలు మళ్ళీ జేబులో వేసుకుని వెనక్కి వచ్చాడు. గేటు తెరిచారు. లాండ్రీ ఆవిడ వెన్ను అప్పటికే రెండు చోట్ల నలిగిందని, ఇంకా ముందే వచ్చి ఉంటే బాగుండేదని, మందులు ఇప్పుడైనా మొదలుపెడదామని ఆ డాక్టరు మర్యాదగానే చెప్పాడు. ముందే వచ్చి ఉంటే అన్న ఆ ముక్క విని అత్త ఆయనవైపు తిరిగింది. ఆయన ఇంకా చిన్నవాడు, ఆ పరీక్ష జరిగినప్పుడు పసిపిల్లాడై ఉంటాడు. అయినా వదల్లేదు. ఆయన్ని కూర్చోబెట్టి, లాండ్రీ ఆవిడ మందు చీటీ చేతికి వచ్చేదాకా, ఎవరు ఎప్పుడు రానివ్వలేదో మొత్తం చెప్పింది.